చలిని వండిన ఊరు

1807 జనవరి 12, సోమవారం. సాయంత్రం నాలుగు దాటింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పట్టణం నడిబొడ్డున, స్టేన్‌స్ఖూర్ కాలువ గట్టుకు కట్టేసి ఉన్న పడవ ఒకటి పేలిపోయింది. దాని నిండా ఉన్నది తుపాకి మందు. చుట్టుపక్కల ఇళ్లు నేలమట్టమయ్యాయి. 150 మంది దాకా చనిపోయారు. శిథిలాలు ఎత్తేశాక కూడా ఆ జాగా దశాబ్దాల తరబడి బోసిగానే ఉండిపోయింది. ఊళ్లోవాళ్లు దాన్ని ‘శిథిలం’ అనే పిలిచేవారు. సుమారు యాభై ఏళ్ల తర్వాత ఆ జాగాలోనే విశ్వవిద్యాలయం ఒక భౌతికశాస్త్ర ప్రయోగశాల కట్టింది.

1882లో ఆ ప్రయోగశాల 29 ఏళ్ల హైకె కామర్లింగ్ ఒన్నెస్ చేతికి వచ్చింది. ఆయన ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్ వాడు. తండ్రికి పెంకుల బట్టీ ఉండేది. బట్టీ సెగ చూసి పెరిగిన ఆ కుర్రాడు బతుకంతా చలి కోసం ఖర్చు పెట్టాడు. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన ఉపన్యాసంలో ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే: కొలిస్తేనే తెలుస్తుంది. ప్రతి ప్రయోగశాల గుమ్మం మీదా ఆ మాట రాయించాలని ఆయన కోరిక.

కొలవాలనుకున్నది వాయువుల నడతను. తోటి డచ్చి శాస్త్రవేత్త వాన్ డెర్ వాల్స్ అప్పటికే ఒక సిద్ధాంతం చెప్పి ఉన్నాడు. దాని ప్రకారం తగినంత చల్లబరిస్తే ఏ వాయువైనా ద్రవం కావలసిందే. ఆ మాట నిజమో కాదో తేల్చాలంటే అంత చలి పుట్టించాలి.

చలిని పుట్టించే సూత్రం మన కూజాకు తెలిసిందే. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. లైడెన్‌లో ఒన్నెస్ చేసింది కూజా పక్కన కూజా పెట్టినట్టుగా ఒక వరస కట్టడం. ముందు మిథైల్ క్లోరైడ్‌ను పీడనంతో ద్రవంగా మార్చి, పంపుతో లాగి ఆవిరి చేయించాలి. ఆ చలిలో ఇథిలీన్ ద్రవమవుతుంది. దాన్నీ అలాగే ఆవిరి చేయిస్తే ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర గాజుపాత్రలోకి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. 1890ల మొదట్లో ఈ వరస పూర్తయింది. పంపులు, పైపులు, వాల్వులు, గేజీలతో ఆ ప్రయోగశాల చూడ్డానికి చిన్నపాటి మిల్లులా ఉండేది.

1895లో పట్టణ పాలకులకు సంగతి తెలిసింది. పడవ పేలిన చోటనే, ఇళ్ల మధ్య, ఒక ప్రొఫెసర్ పెద్ద ఎత్తున వాయువులను సిలిండర్లలో బిగించి పెట్టుకున్నాడు! వాళ్లు ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. పని ఆగిపోయింది. ప్రభుత్వం కమిటీ వేసింది, అందులో వాన్ డెర్ వాల్స్ కూడా ఉన్నాడు. లండన్ నుంచి శాస్త్రవేత్త జేమ్స్ డీవార్ మద్దతుగా ఉత్తరం రాశాడు. అనుమతి దొరికేసరికి 1898 వచ్చింది. ఉత్తరం రాసిన ఆ డీవారే ఆ ఏడాది హైడ్రోజన్‌ను మొదటగా ద్రవం చేసి వాయువులను ద్రవం చేసే పోటీలో ముందుకు వెళ్లిపోయాడు. లైడెన్ హైడ్రోజన్ యంత్రం సిద్ధమవడానికి 1906 దాకా పట్టింది.

డీవార్ పని కొద్దిమందితో నడిచేది. ఒన్నెస్ మాత్రం ముందు చేతిపనివాళ్లను తయారు చేసుకున్నాడు. 1901లో ప్రయోగశాలకు అనుబంధంగా పరికరాలు తయారుచేసే పని నేర్పే బడి పెట్టాడు. నీలం దుస్తులు వేసుకుని అక్కడ పని నేర్చుకునే పిల్లలకు ‘నీలి కుర్రాళ్లు’ అని పేరు పడింది. పంపుల దగ్గర కాపలా ఉండటం, వాల్వు తిప్పడం, గేజీ చూసి లెక్క చెప్పడం వాళ్ల పని. యంత్రాలన్నిటికీ పెద్ద మేస్త్రీ ఖెరిట్ ఫ్లిమ్. గాజు ఊదే పనికి జర్మనీ నుంచి వచ్చిన ఓస్కర్ కెసెల్రింగ్. అంతటి చలికి పగలకుండా, ఒకదానిలో ఒకటి ఇమిడిపోయేలా గాజుపాత్రలు ఊదగల మనిషి లేకపోతే ప్రొఫెసర్ లెక్కలు కాగితం మీదే ఉండిపోయేవి.

ద్రవం కాని వాయువు ఇక ఒక్కటే మిగిలింది. అది హీలియం. దాని జాడ ముందు దొరికింది ఆకాశంలో, ఆ కథలో గుంటూరు కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాల అధికారి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు బిగించి కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి చూడటం ఆ రోజు సాధ్యమైంది. గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని మర్నాడు జాన్సెన్ గుంటూరులోనే నిరూపించాడు. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే దారిలో పసుపుపచ్చ గీత ఒకదాన్ని కొలిచి, అది సోడియంది కాదని తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా ఆ కొత్త మూలకం హీలియం అయింది. భూమి మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి దాన్ని బయటికి తీశాడు.

లైడెన్‌కు కావలసింది సీసా అడుగున పట్టే వాయువు కాదు, వందల లీటర్లు. ఇక్కడ ఒన్నెస్ తమ్ముడు ఓన్నో అక్కరకొచ్చాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాణిజ్య సమాచార కార్యాలయం నడిపే ఆయన అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి బస్తాలకొద్దీ మోనజైట్ ఇసుక తెప్పించి ఇచ్చాడు. మన భీమిలి తీరాన ఇసుకలోనూ ఉండే ఖనిజమే అది. అందులోని థోరియం క్షీణిస్తూ పుట్టించిన హీలియం గింజల్లోనే చిక్కుకుని ఉంటుంది. ఇసుకను కాల్చి, వచ్చిన వాయువును శుద్ధి చేసి, మళ్లీ శుద్ధి చేసి, చివరికి 200 లీటర్లు ప్రయోగానికి సిద్ధం చేశారు.

1908 జూలై 10. ముందురోజే 75 లీటర్ల ద్రవ గాలి తయారై ఉంది. తెల్లవారుజామున 5.45కు పని మొదలైంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు 20 లీటర్ల ద్రవ హైడ్రోజన్ చేతికొచ్చింది. దాని చలిలోకి హీలియంను వదిలారు. ఒన్నెస్ యంత్రం వదిలి కదలకపోవడంతో భార్య బెట్సీ వచ్చి రొట్టెముక్కలు నోటికందించింది. సాయంత్రం ఏడున్నర. థర్మామీటరు కదలడం మానేసింది. ద్రవ హైడ్రోజన్ అయిపోవస్తోంది. పాత్రలో ఏమీ కనబడటం లేదు. వేడుక చూడ్డానికి వచ్చిన రసాయనశాస్త్ర ప్రొఫెసర్ స్క్రైనెమాకర్స్ ఒక సలహా ఇచ్చాడు. థర్మామీటరు కదలడం లేదంటే అది ద్రవంలో మునిగి ఉండవచ్చు కదా, కింది నుంచి దీపం పెట్టి చూడండి. పెట్టారు. గాజు గోడ మీద కత్తి అంచులాంటి సన్నటి గీత మెరిసింది. టీ కప్పుకు సరిపడా ద్రవ హీలియం. ఉష్ణోగ్రత మైనస్ 269 డిగ్రీలు, పరమ శూన్య ఉష్ణోగ్రతకు సుమారు 4 డిగ్రీల పైన.

ఆ తర్వాత పదిహేనేళ్లపాటు ప్రపంచంలో ద్రవ హీలియం దొరికే చోటు లైడెన్ ఒక్కటే. 1923లో టొరంటో, 1925లో బెర్లిన్ ఆ జాబితాలో చేరాయి.

దొరికింది సరే, దానితో ప్రయోగం చేయడమెలా? యంత్రంలో ద్రవం చేరే పాత్ర ఇరుకు. ఇంకో పరికరం పెట్టే చోటు లేదు. ద్రవాన్ని అక్కడినుంచి వేరే పాత్రలోకి ఒంపాలి, దారిలో ఆవిరి కాకుండా. ఫ్లిమ్‌కు, కెసెల్రింగ్‌కు ఈ ఒంపే పని కుదరడానికి సుమారు మూడేళ్లు పట్టింది.

అప్పుడు ఒన్నెస్ ఒక పాత తగాదా తీర్చడానికి కూర్చున్నాడు. లోహాన్ని చల్లబరుస్తూ పోతే అందులో కరెంటుకు ఎదురయ్యే నిరోధం ఏమవుతుంది? ఎలక్ట్రాన్లే గడ్డకట్టి నిరోధం అనంతమవుతుందని లార్డ్ కెల్విన్ ఊహ. లోహం స్వచ్ఛమైనదైతే నిరోధం మెల్లగా తగ్గి సున్నాకు చేరుతుందని ఒన్నెస్ నమ్మకం. బంగారం, ప్లాటినంలో ఎంత జాగ్రత్తపడ్డా కల్తీ మిగిలేది. పాదరసాన్నైతే మళ్లీ మళ్లీ బట్టీ పెట్టి ఎంత శుద్ధమైనా చేయవచ్చు. వంపు తిరిగిన సన్నటి గాజు గొట్టాల్లో దాన్ని నింపి గడ్డకట్టించారు.

1911 ఏప్రిల్ 8 ఉదయం ఏడింటికి బృందం పనిలోకి దిగింది. ఉష్ణోగ్రత చూసేది కార్నెలిస్ డోర్స్‌మన్. పంపుల అదురు తగలకుండా దూరంగా వేరే గదిలో గాల్వనోమీటరు ముందు కూర్చున్నది గిల్లెస్ హోల్స్ట్. హీలియంను పంపుతో లాగుతూ సాయంత్రం నాలుగు ప్రాంతంలో 3 కెల్విన్ల దాకా, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు 3 డిగ్రీల పైకి, దించారు. పాదరసం నిరోధం దాదాపు సున్నా అని ఒన్నెస్ తన నోటుబుక్కులో పెన్సిల్‌తో గిలికాడు. తర్వాతి నెలల్లో తేలిన సంగతి ఆయన ఊహకు కూడా అందనిది. నిరోధం మెల్లగా తగ్గడం లేదు. 4.2 కెల్విన్ల దగ్గర గోడ మీంచి దూకినట్టు ఒక్కసారిగా మాయమవుతోంది. పంపు దగ్గరున్న నీలి కుర్రాడు కునుకు తీయడంతో ఉష్ణోగ్రత పెరిగి ఆ గంతు బయటపడిందని చాలాకాలం ఒక కథ తిరిగింది. నోటుబుక్కులు దాన్ని సమర్థించవు. ఈ కొత్త గుణమే అతివాహకత.

ఆ ఏప్రిల్ 8నే, అదే పాత్రలో ఇంకొకటి జరిగింది. పంపు లాగుతూనే ఉంది, ఉష్ణోగ్రత 2 కెల్విన్ల కిందికి జారింది. అప్పటిదాకా కుతకుత ఉడుకుతున్న హీలియం ఉన్నట్టుండి ఉడకడం మానేసింది. బుడగల్లేవు, నిశ్చలంగా ఉన్న ద్రవమట్టం మాత్రం దిగుతూ పోతోంది. ఒన్నెస్ దాన్నీ రాసుకున్నాడు. రాసి ముందుకు వెళ్లిపోయాడు. అది అతిద్రవం. రాపిడి అనేదే లేకుండా పారే ద్రవం. వేడిని రాగికన్నా ఎన్నో రెట్లు వేగంగా పంచేస్తుంది గనుక ఒకచోట వేడి నిలవదు, బుడగ పుట్టదు. కరెంటుకు ఎదురు లేకపోవడం, పారుదలకు ఎదురు లేకపోవడం రెండూ ఒకే పూట, ఒకే గాజుపాత్రలో లైడెన్ వాళ్ల కళ్లముందు జరిగాయి. ఒకటి నోబెల్ ఉపన్యాసం దాకా వెళ్లింది. రెండోది నోటుబుక్కులో ఒక వాక్యంగా ఆగిపోయింది.

అతివాహకత చుట్టూ ఆశలు త్వరగా పెరిగాయి. తగరం, సీసం కూడా ఆ జాబితాలో చేరాయి. ఈ తీగలతో 10 టెస్లాల అయస్కాంతం చేయవచ్చని 1913లో ఒన్నెస్ షికాగోలో చెప్పాడు. మరుసటి ఏడాదే ఆశ నీరుగారింది. కొద్దిపాటి అయస్కాంత క్షేత్రానికే ఆ లోహాలు మామూలు లోహాలైపోతున్నాయి. ఆ కల తీరడానికి అర్ధశతాబ్దం, నియోబియం మిశ్రలోహాలు కావలసి వచ్చాయి. ఇవాళ గుంటూరులో ఎంఆర్ఐ స్కాన్ తీయించుకునే రోగి చుట్టూ మామూలుగా ఉండేది ఆ తీగల చుట్టే, దాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమే.

1914లోనే మరో వింత చూపించారు. సీసపు తీగచుట్టలో అయస్కాంతంతో కరెంటు పుట్టించి, ఆ అయస్కాంతాన్ని తీసేశారు. కరెంటు గంటల తరబడి తిరుగుతూనే ఉంది. కొన్నేళ్ల తర్వాత, 1932లో, ఫ్లిమ్ ఇంకా సాహసం చేశాడు. 200 ఆంపియర్ల కరెంటు తిరుగుతున్న సీసపు వలయాన్ని ద్రవ హీలియం ఫ్లాస్కులో పెట్టుకుని విమానమెక్కి లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభకు పట్టుకెళ్లాడు. కరెంటును క్యారేజీలో పెట్టి ఊరు దాటించిన మేస్త్రీ ఆయన.

ఎందుకిలా జరుగుతోందో మాత్రం ఎవరికీ తెలియదు. 1920 నుంచి లైడెన్‌లో ప్రత్యేక ప్రొఫెసర్‌గా వచ్చిపోయే ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1922లో ఒక ఊహ చెప్పాడు. ఎలక్ట్రాన్లు అణువుల గొలుసుల వెంబడి చేయీ చేయీ అందుకున్నట్టు సాగుతాయేమోనని. ఒన్నెస్ ప్రయోగం చేసి అది కాదని తేల్చాడు. జవాబుకు కావలసిన ముడిసరుకు ఢాకా నుంచి వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ 1924 జూన్‌లో కాంతి కణాలను లెక్కించే కొత్త పద్ధతి రాసి ఐన్‌స్టీన్‌కు పంపాడు. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి మార్చి అచ్చు వేయించి, అదే లెక్కను వాయు పరమాణువులకు వర్తింపజేశాడు. వచ్చిన ఫలితం చిత్రంగా ఉంది. ఒక ఉష్ణోగ్రత కిందికి వెళ్తే పరమాణువులు ఒకదాన్నొకటి ఆకర్షించకపోయినా గుంపుగా అట్టడుగు స్థితిలోకి చేరిపోతాయి.

రైలు పెట్టెలతో పోలిస్తే ఈ లెక్క సులభం. ఎలక్ట్రాన్ల లాంటి కణాలది రిజర్వేషన్ బోగీ, బెర్తుకు ఒక్కరే. బోస్ లెక్కకు లొంగే కణాలది జనరల్ బోగీ, ఒకే సీటులో ఎందరైనా సర్దుకుంటారు. చలి ముదిరేకొద్దీ అందరూ ఒకే సీటు కోరుకుంటారు. దానికే బోస్-ఐన్‌స్టీన్ సంఘననం అని పేరు.

ఈ ఫలితం చెప్పిన వ్యాసం 1924 డిసెంబరు నాటి చేతిరాతతో ఐన్‌స్టీన్ మిత్రుడు, లైడెన్ ప్రొఫెసర్ పాల్ ఎహ్రెన్‌ఫెస్ట్ దగ్గరికి చేరింది. 2005లో ఒక విద్యార్థి పాత కాగితాలు వెతుకుతుంటే లైడెన్‌లోనే అది మళ్లీ బయటపడింది. సిద్ధాంతం అందంగానే ఉంది గాని అందులో నిజం ఎంతని ఐన్‌స్టీన్ ఎహ్రెన్‌ఫెస్ట్‌కు రాసిన ఉత్తరంలో తానే సందేహపడ్డాడు. ఆ సందేహానికి లైడెన్ బలం చేకూర్చింది. ఎహ్రెన్‌ఫెస్ట్ శిష్యుడు జార్జ్ ఊలెన్‌బెక్ 1927లో తన పరిశోధన గ్రంథంలో ఐన్‌స్టీన్ గణితంలో దోషం ఉందని, అలాంటి హఠాత్ మార్పు రాదని వాదించాడు. పండితులు ఆ మాటే విన్నారు. సంఘననం పుస్తకాల్లో వింతగా మిగిలింది.

అదే ఊళ్లో, ఆ సమయంలోనే, ఒన్నెస్ వారసుడు విల్లెమ్ కేసొమ్ హీలియంతో కుస్తీ పడుతున్నాడు. 1926లో ఒన్నెస్ చనిపోయిన కొద్ది నెలలకే హీలియంను గడ్డకట్టించాడు. 1927లో తోటి శాస్త్రవేత్త వోల్ఫ్కేతో కలిసి, ద్రవ హీలియంకు రెండు రూపాలున్నాయని చెప్పి వాటికి హీలియం ఒకటి, హీలియం రెండు అని పేర్లు పెట్టాడు. 2.2 కెల్విన్ల దగ్గర ఉష్ణధారణ గీత గ్రీకు అక్షరం లాంబ్డాలా పైకి లేచి పడిపోతుంది కాబట్టి ఆ చోటుకు లాంబ్డా బిందువని పేరొచ్చింది. ప్రయోగశాలలో ఆ గీత, ఆ పక్కనే సిద్ధాంతుల చేతిలో ఐన్‌స్టీన్ కాగితం. రెంటినీ కలిపి చూసినవాళ్లు లేరు.

1937 నవంబరులో వాన్ డెర్ వాల్స్ శతజయంతికి ఆమ్‌స్టర్‌డామ్‌లో సభ జరిగింది. పదార్థం ఒక స్థితి నుంచి మరో స్థితికి హఠాత్తుగా మారడం కణాల సంఖ్యను అనంతంగా ఊహిస్తేనే గణితంలో కనబడుతుందని అక్కడ చర్చ తేల్చింది. ఊలెన్‌బెక్ తన అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. 1938 జనవరిలో మాస్కో నుంచి కపిట్సా, కేంబ్రిడ్జి నుంచి ఆలెన్, మిసెనర్ హీలియం రెండు రాపిడి లేకుండా పారుతుందని ప్రకటించారు. నాజీల నుంచి తప్పించుకుని పారిస్‌లో తలదాచుకున్న శాస్త్రవేత్త ఫ్రిట్జ్ లండన్ ఆ ఏడాదే తీగ కలిపాడు. హీలియం సాంద్రతను ఐన్‌స్టీన్ సూత్రంలో పెట్టి లెక్క వేస్తే 3.1 కెల్విన్లు వచ్చింది. కొలతలో ఉన్నది 2.2. ద్రవంలో పరమాణువులు ఒరుసుకుంటూ ఉంటాయి గనుక ఆ తేడాను ఆయన లక్ష్యపెట్టలేదు. అతివాహకత కూడా ఇలాంటిదే కావచ్చని ఆయన ఊహ.

ఆ ఊహకు ఒక అడ్డంకి ఉంది. ఎలక్ట్రాన్లది రిజర్వేషన్ బోగీ కదా? 1957లో అమెరికాలో బార్డీన్, కూపర్, ష్రీఫర్ దారి చూపారు. స్ఫటికం కంపనాల సాయంతో ఎలక్ట్రాన్లు రెండేసి జతకడతాయి, జత కట్టాక బోస్ కణాల తరహాలో కలిసి నడుస్తాయి. అయితే పాదరసంలో ఒక్కో జత ఎంత విశాలమంటే, దాని లోపల లెక్కలేనన్ని వేరే జతలు అల్లుకుని ఉంటాయి. అందుకే దాన్ని ఐన్‌స్టీన్ చెప్పిన సంఘననం అని అచ్చంగా అనలేరు, దగ్గరి బంధువు అనాలి. ఆ అచ్చమైన రూపం 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో కోర్నెల్, వీమన్ చేతికి చిక్కింది. డిగ్రీలో వంద కోట్ల వంతుల్లో లెక్కపెట్టే చలిలో, రెండువేల రుబీడియం పరమాణువులు ఒక్కటయ్యాయి. ఇప్పుడు క్వాంటం పదార్థాల పరిశోధకులు ఈ రెండు కొసల నడిమి నేలను తవ్వుతున్నారు. ఐరన్ సెలినైడ్‌లో జతలు బిగుసుకుని సంఘననం వైపు జరిగిన జాడలు, థాలియం కాపర్ క్లోరైడ్ స్ఫటికంలో అయస్కాంత కంపనాలే గుంపుగా సంఘననం చెందడం వాళ్ల ముందున్న ఉదాహరణలు.

ఒన్నెస్ నోటుబుక్కులు లైడెన్‌లోని బూర్‌హావె మ్యూజియంలో ఉన్నాయి. పెన్సిల్ రాత చెరిగిపోతూ, కోడిగీతల్లా ఉండటంతో వాటిని ఓపికగా చదివినవాళ్లు తక్కువ. అతివాహకతకు వందేళ్లు నిండబోతుండగా ఇద్దరు డచ్చి పరిశోధకులు డిర్క్ వాన్ డెల్ఫ్ట్, పీటర్ కెస్ కూర్చుని ఒక్కో పేజీ కూడబలుక్కున్నారు. ఏప్రిల్ 8 నాటి గంటల వరస, ఉడకడం ఆగిన ఆ వాక్యం వెలుగులోకి వచ్చింది అప్పుడే. హీలియం యంత్రం కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. నీలి కుర్రాళ్ల బడి ఇప్పటికీ నడుస్తూ పరికరాల పని నేర్పుతోంది. స్టేన్‌స్ఖూర్ కాలువ గట్టున ప్రయోగశాల భవనం ఒన్నెస్ పేరుతోనే నిలిచి ఉంది గాని లోపల పంపుల చప్పుడు లేదు. ఒకప్పుడు ప్రభుత్వ అనుమతి కోసం మూడేళ్లు ఖాళీగా కూర్చున్న ఆ చోట ఇప్పుడు విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర విభాగం తరగతులు నడుస్తున్నాయి.